పళ్ళెంలో చివరి చీటీ

నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని చిన్నప్పటి నుంచీ అందరూ మెచ్చుకున్నారు. నేను పనిచేసే బళ్ళో రోజూ పొద్దున్నే బోర్డు మీద మంచిమాట రాసే పని నాదే. శుభలేఖల మీద పేర్లు రాయించుకోవడానికి ఊళ్ళోవాళ్ళు నా దగ్గరికే వస్తారు. సమాధిరాళ్ళు చెక్కే మనిషికి ముందుగా కాగితం మీద రాసిచ్చేదాన్నీ నేనే. ఇంత మెప్పు పొందిన చేత్తో నేనొక పని చేశాను. దాని గురించి ఇద్దరికి చెప్పవలసి ఉండింది. చెప్పాను, కానీ చెప్పవలసినప్పుడు చెప్పలేదు.

మాది పట్టిసీమకి దిగువన, గోదావరి గట్టు పక్క ఊరు. నేను నిడదవోలులో టీచరుని. పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు, కుదరలేదంతే. ఊళ్ళో మాది పాత లూథరన్ చర్చి. ఆదివారం పిల్లలకి పాఠం చెప్పడం, చర్చికి కావలసిన రాతపని అంతా చూడడం ఇరవై ఏళ్ళుగా నా వంతు.

మా చర్చిలో జనవరి ఒకటో తారీఖు ఉదయం ఆరాధన అయ్యాక వాగ్దానపు చీటీలు తీస్తారు. ఒక్కో చీటీలో ఒక్కో వాక్యం ఉంటుంది. పళ్ళెం తిప్పుతుంటే ఎవరికి వాళ్ళు ఒకటి తీసుకుంటారు. ఎవరికి ఏది వస్తే ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకిచ్చిన మాట అది. వేరే చర్చిలవాళ్ళు రాజమండ్రి వెళ్ళి పువ్వుల బొమ్మలతో అచ్చువేసిన కార్డులు కొనుక్కొస్తారు. మా పాత పాస్టరు అయ్యగారికి అవి గిట్టేవి కావు. డిసెంబరంతా ప్రార్థన చేసుకుని, వాక్యాలు ఒక జాబితాగా రాసి నా చేతికిచ్చేవారు. నేను తెల్లకాగితం మీద రాసి, కత్తిరించి, చిన్న గొట్టాల్లా చుట్టి దారం కట్టేదాన్ని. "లిస్టులో ఉన్నవే రాయండి టీచరుగారూ. ఇందులో మన చెయ్యి ఉండకూడదు," అని ప్రతి ఏడాదీ చెప్పేవారు. ప్రతి ఏడాదీ చెప్పాలా, నాకు తెలియదా అని నాకు కాస్త చిరాకుగా కూడా ఉండేది.

నా తమ్ముడు ఇసుక పడవ మీద పనిచేసేవాడు. నదిలో మునిగి బకెట్టుతో ఇసుక తోడి పడవలోకి ఎత్తే పని. ఆగస్టులో ఎర్రనీళ్ళు వచ్చాయంటే పని ఆగిపోతుంది, పడవలన్నీ రేవులో కట్టేస్తారు. ఆ ఏడాది వరద ఒక్కసారిగా పెరిగి ఒక పడవ కట్టు తెంపుకుపోయింది. దాన్ని పట్టుకురావడానికి పొద్దున్నే ముగ్గురు ఇంకో పడవ వేసుకుని వెళ్ళారు. వాళ్ళలో మావాడు ఒకడు. వద్దని ఎవరూ అనలేదు. ముగ్గురూ ఈత వచ్చినవాళ్ళే, ఆ నదిలో పుట్టినట్టు తిరిగేవాళ్ళే.

మూడో రోజున ఒకతను కొవ్వూరు వంతెన దిగువన దొరికాడు. ఐదో రోజున రెండో అతను ధవళేశ్వరం దగ్గర ఒక లంకలో దొరికాడు. మా తమ్ముడు దొరకలేదు.

ఆ రెండు కుటుంబాలవాళ్ళూ ఏడ్చారు, పాతిపెట్టారు, మళ్ళీ పనులకి వెళ్ళారు. మాకు పాతిపెట్టడానికి ఏమీ లేదు. "దొరకలేదంటే పోయేడని కాదు కదండీ," అని అమ్మ పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. అవునమ్మా అని వాళ్ళు తల ఊపి, వీధిలోకి వెళ్ళాక వేరే మాట చెప్పుకునేవాళ్ళు. రోజూ పొద్దున గట్టు మీదకి వెళ్ళి కూర్చునేది. నీళ్ళు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడ్డాక కూడా వెళ్ళేది. అక్టోబరులో వెళ్ళడం మానేసింది, దాంతోపాటు మాట్లాడడం మానేసింది, తర్వాత అన్నం. క్రిస్మసుకి రెండు గుక్కల గంజి మీద ఉంది. రాజమండ్రి తీసుకెళ్తే డాక్టరు సెలైను పెట్టించి, "రోగమేం లేదండి, తినాలి," అన్నాడు. ఆ మాట చెప్పడానికి డాక్టరే కావాలా అనిపించింది. నాకు భయం వేసింది. తమ్ముడి గురించి ఏడవడానికి కూడా నాకు తీరిక లేదు, అమ్మ పోతుందన్న భయమే నన్ను తినేసింది.

డిసెంబరు చివరి రోజు మధ్యాహ్నం చీటీలు చుడుతూ కూర్చున్నాను. అయ్యగారి జాబితా అయిపోయింది. కాగితం కొంచెం మిగిలింది. ఆ జాబితాలో లేని వాక్యం ఒకటి నాకు కంఠతా వచ్చు. పిల్లల కోసం ఏడుస్తున్న తల్లిని ఏడుపు ఆపమనేది, వాళ్ళు తిరిగి తమ చోటికి వస్తారని మాటిచ్చేది. ఆ మాట ఏ కాలంలో ఎవరి గురించి చెప్పిందో ఆదివారం పిల్లలకి నేనే పాఠం చెప్తాను. అది చెరపట్టి తీసుకుపోయిన జనం గురించి, ఇసుక పడవల గురించి కాదు. అన్నీ తెలిసే రాశాను. రాసిన ముక్క కత్తిరించి, చుట్టి, దారం కట్టాను. మిగతావాటికంటే అందంగానే వచ్చింది.

మర్నాడు ఆడవాళ్ళ వైపు పళ్ళెం తిప్పేది ఎప్పటిలాగే నేనే. మోకాళ్ళ నొప్పి వల్ల అమ్మ చాప మీద కాక చివర గోడవారన బల్ల మీద కూర్చుంటుంది. ఆ చీటీని పళ్ళెం అంచున బొటనవేలి కింద అదిమిపెట్టుకుని అందరి ముందూ తిరిగాను. అమ్మ పక్కన మా మరదలు, అంటే తమ్ముడి భార్య, కూర్చుంది. ఆ అమ్మాయి తన చీటీ తీసుకుంది. మిగిలిన రెండు చీటీలు నా కొంగులోకి జార్చాను. అమ్మ ముందుకు పళ్ళెం వచ్చేసరికి అందులో ఒక్కటే ఉంది.

అమ్మకి అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు గానీ చూపు ఆనదు. చీటీ నాకే ఇచ్చింది. నేను చదివాను. చర్చిలో అప్పటిదాకా ఉన్న గోల ఆగింది. అమ్మ నా మొహంలోకి చూసి, "మళ్ళీ చదువు," అంది. రెండు మూడు నెలల్లో అదే మొదటి మాట. మళ్ళీ చదివాను. ఆడవాళ్ళందరూ స్తోత్రం స్తోత్రం అన్నారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. బలిపీఠం దగ్గర నిలబడ్డ అయ్యగారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆయన కూడా కరిగిపోయారనుకున్నాను.

ఆ మధ్యాహ్నం అమ్మ అన్నం తింది. కూర బాగుందని రెండోసారి పెట్టించుకుంది. నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, అబద్ధమెందుకు. చేసింది తప్పని అప్పుడు అనిపించనేలేదు. మరదలు కంచాలు కడుగుతోంది. తనకి ఏ వాగ్దానం వచ్చిందో మేమెవరం అడగలేదు.

సంవత్సరానికి ఒక చీటీ అన్నది లెక్క. కానీ అమ్మ ఆ చీటీని మార్చలేదు. తర్వాతి జనవరిలో పళ్ళెం ముందుకొస్తే, "నాకిచ్చిన మాట ఇంకా తీరలేదు కదా, ఇంకోటెందుకు?" అని తీసుకోలేదు. ఆ మాటకి సంఘమంతా మెచ్చుకుంది. ఇంట్లో సాయంత్రం ప్రార్థన అయ్యాక రోజూ నాచేత ఆ చీటీ చదివించుకునేది. నా గొంతు వణుకుతుందేమోనని నేను గట్టిగా చదివేదాన్ని. నా చేతిరాతని నేనే దేవుడి మాటగా రోజూ చదవడం ఎలా ఉంటుందో చెప్పలేను. పంటికింద రాయి పడినట్టుండేది.

ఆ రెండు మరణాలతో పాటు తమ్ముడి మరణం కూడా రాసుకుందామని రెవెన్యూవాళ్ళు వచ్చారు. పడవ ఎక్కాడని ఇంటివాళ్ళు చెప్పి సంతకం పెడితే కాగితం వస్తుందన్నారు. "నా కొడుకు నీళ్ళలో పడడం ఎవరైనా చూసేరా?" అని అమ్మ నిలదీసింది. ఎవరూ చూడలేదు. వాళ్ళు ఫైలు పట్టుకుని వెళ్ళిపోయారు. రేషను కార్డులో ఉన్నవాళ్ళందరూ వేలిముద్ర వేయాలని, లేకపోతే పేరు తీసేస్తారని డీలరు చెప్పినప్పుడు కూడా అంతే. "వచ్చేక వేస్తాడండి వేలిముద్ర. ఈలోగా తీసేస్తే ఊరుకోను," అంది. డీలరు నావంక చూశాడు. నేను బియ్యం సంచీ మూతి కట్టుకుంటూ నిలబడ్డాను. నవంబరులో సమాధుల దగ్గర ప్రార్థనలో పోయినవాళ్ళ పేర్లు చదివేటప్పుడు తమ్ముడి పేరు ఎవరైనా పొరపాటున చదువుతారేమోనని అమ్మ చెవులు రిక్కించుకుని కూర్చునేది.

ఇదంతా అమ్మ దుఃఖం, అమ్మ ఓదార్పు అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఇంట్లో ఇంకో మనిషి ఉంది. తమ్ముడు పోయేనాటికి మరదలికి పాతికేళ్ళు కూడా లేవు. పిల్లలు లేరు. వసారాలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. రెండో ఏడాది ఆమె పుట్టింటివాళ్ళు తీసుకెళ్దామని వచ్చారు. అమ్మ చీటీ తెచ్చి నాచేత చదివించింది. దేవుడి మాటకి అడ్డం ఎవడు మాట్లాడతాడు? టీ తాగి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి వాళ్ళ ఆటో మలుపు తిరిగేదాకా చూసి, మళ్ళీ మిషను దగ్గరికి వచ్చింది. ఎదురు చెప్పే రకం కాదు. నేను ఎదురు చెప్పే రకం, బళ్ళో హెడ్మాస్టరుకే చెప్తాను. నేనూ నోరెత్తలేదు.

పాత అయ్యగారికి బదిలీ అయింది, కొత్త అయ్యగారు వచ్చారు. ఐదో ఏడాది సంక్రాంతి సెలవులు అయ్యాక ఆయన ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చారు. కొవ్వూరు వైపు సంఘంలో ఒకతను ఉన్నాడట, బస్సు కండక్టరు. భార్య పోయి మూడేళ్ళయింది. స్త్రీల కూడికల్లో మా మరదల్ని చూశాడు, అక్కడి పాటల బృందానికి గౌన్లు కుట్టిచ్చింది ఈమేనని తెలుసుకున్నాడు. వాళ్ళ అయ్యగారి ద్వారా, మా అయ్యగారి ద్వారా పద్ధతిగా అడిగించాడు.

"మంచి మనిషండి. తాగడు. ఈ అమ్మాయి ఒప్పుకుంటే చేసుకుంటానంటున్నాడు," అన్నారు అయ్యగారు. "అయితే మరణం కాగితం లేకుండా చర్చిలో పెళ్ళి ప్రకటన చదవలేనండి. ఈస్టరు ముందు నలభై లెంటు రోజుల్లో ఎలాగూ పెళ్ళిళ్ళు చెయ్యం. మట్టలాదివారం లోపు మీరు సరేనంటే, కాగితం పని చూసుకుని, ఈస్టరయ్యాక చదివిస్తాను. అతను అప్పటిదాకా ఆగుతానన్నాడు."

అమ్మ లేచి వెళ్ళి చీటీ తెచ్చింది. అది అప్పటికి పసుపు రంగు తిరిగి, మడతల దగ్గర చిరిగితే వెనక టేపు వేసి ఉంది. అయ్యగారు తీసుకుని చదివారు. తిరిగిచ్చి మా మరదలి వంక చూశారు.

"అత్తయ్య ఎలా అంటే అలాగేనండి," అంది ఆమె.

ఆ మాట వింటే ఆమెకి ఏ కోరికా లేదనిపిస్తుంది. కానీ ఆ వారంలోనే ఆమె తనకోసం ఒక జాకెట్టు కుట్టుకుంది. ఐదేళ్ళలో ఊరందరికీ కుట్టింది గానీ తనకి కుట్టుకోవడం నేను చూడలేదు. లేత ఆకుపచ్చ రంగు, చేతులకి సన్నటి పైపింగు. కుట్టి, తొడుక్కుని చూసుకుని, మడిచి పెట్టె అడుగున పెట్టేసింది. ఒకరోజు నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, "వదినా, కొవ్వూరు బస్సులో వచ్చేరా?" అని అడిగింది. నిడదవోలు నుంచి వచ్చే బస్సు ఏదో ఆమెకి తెలుసు. ఎందుకు అడిగిందో నాకూ తెలుసు. లేదమ్మా అన్నాను. ఆ రాబోయే జీవితం మీద ఆమెకున్న ఆశ అంతా ఆ ఒక్క ప్రశ్నలో బయటపడింది. నాకు ఆ క్షణం అక్కడే చెప్పేయాలనిపించింది. చెప్పలేదు.

లెంటు నలభై రోజులూ నేను చెప్పడానికి రోజులు వెతుక్కున్నాను. లెంటు మొదలయ్యే బూడిద బుధవారం నాడు చెప్దామనుకున్నాను, అమ్మకి జ్వరం వచ్చింది. తగ్గాక చెప్దామనుకున్నాను, నీరసంగా ఉంది. నీరసం పోయాక, ఇంత బాగున్న మనిషిని ఇప్పుడెందుకు పడగొట్టడం అనుకున్నాను. పిరికితనానికి ఎన్ని మంచి కారణాలు దొరుకుతాయో! అమ్మ మళ్ళీ అన్నం మానేస్తుందేమో, ఆ చావు నా నెత్తిన పడుతుందేమో అన్న భయం నిజమే. సంఘంలో నా పేరు పోతుందన్న భయం కూడా అంతే నిజం. రెండింట్లో ఏది ఎక్కువో తేల్చుకోలేదు, తేల్చుకోవాలనీ లేదు.

ఈస్టరుకి వారం ముందు, మట్టలాదివారం నాడు ఆరాధన అయ్యాక, తాటిమట్టలు చేతుల్లో పట్టుకుని అందరూ చర్చి ముందు నిలబడ్డారు. అయ్యగారు అమ్మ దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగారు. అమ్మ నావంక చూసింది. చాలాసేపే చూసింది. నేను మట్ట ఈనె గోటితో చీలుస్తూ నిలబడ్డాను.

"వాడు వస్తాడండి," అంది అమ్మ అప్పుడు. "వచ్చేక నా పెళ్ళామేదంటే ఏం చెప్పమంటారు?"

అయ్యగారు తలవంచుకుని వెళ్ళిపోయారు. మరదలు అప్పటికే ఇంటిదారి పట్టింది.

మంచి శుక్రవారం మధ్యాహ్నం, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఆ ఏడాది నాలుగో మాట నాకిచ్చారు. సిలువ మీద నుంచి తండ్రిని, నన్నెందుకు వదిలేశావని అడిగే మాట. పీఠం దగ్గర నిలబడి, చేసిన పని అందరి ముందూ చెప్పేద్దామని గట్టిగా అనుకుని వెళ్ళాను. కాగితం మీద మొదటి వాక్యం కూడా రాసుకున్నాను. లేచి నిలబడి, గోడవారన బల్ల మీద అమ్మని చూసి, వేరే ప్రసంగం చేశాను. వదిలేయబడినవాడి పక్కన దేవుడు ఎలా నిలబడతాడో చక్కగా చెప్పాను. మూడు గంటలకి బయటికొస్తుంటే, "కన్నీళ్ళు తెప్పించేరండీ టీచరుగారూ," అని ఒకావిడ నా చేతులు పట్టుకుంది. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

మర్నాడు శనివారం. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధన ఉంటుంది కాబట్టి, ముందురోజు ఎవరి సమాధులకి వాళ్ళు సున్నం వేసుకుంటారు. అమ్మా నేనూ నాన్న సమాధి దగ్గరికి వెళ్ళాం. నాన్న పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అక్కడ గడ్డి పెరిగితే అమ్మ ఎప్పుడూ పీకదు, అటు చూడదు. అమ్మ కుచ్చె పట్టుకుని సున్నం పూస్తోంది, నేను బకెట్టు జరుపుతున్నాను. చుట్టూ ఎవరూ లేరు.

"అమ్మా, ఆ చీటీ దేవుడిచ్చింది కాదు," అన్నాను. "అది అయ్యగారి లిస్టులో లేదు. నేనే రాసి నీకొచ్చేలా పెట్టేను."

అమ్మ కుచ్చె ఆగలేదు. "తెలుసే," అంది.

"ఏం తెలుసు?"

"లిస్టులో లేదని. ఆ వారంలోనే పాత అయ్యగారు ఇంటికి ప్రార్థనకి వచ్చేరు. నువ్వు బడికెళ్ళేవు. మంచి వాగ్దానం రాయించేరండీ అని వందనాలు చెప్పేను. అది నేనిచ్చింది కాదమ్మా, మీ అమ్మాయిని అడగండి అన్నారు."

"మరి నన్నడగలేదేం?"

"ఎందుకడగడం? చదువుకున్నదానివి, దేవుడి మాట ఊరికే రాయవు కదా. ప్రార్థనలో నీకేదో తెలిసుంటది, పైకి చెప్పడానికి సిగ్గుపడి చీటీలో పెట్టేవనుకున్నాను. మొదట్లో నిజంగానే అనుకున్నానే. అందుకే మళ్ళీ అన్నం మానలేదు." అమ్మ కుచ్చె బకెట్టులో ముంచింది. "రెండో ఏడు వరదొచ్చింది చూడు, ఆ నీళ్ళు చూసేక నాకు నమ్మకం పోయింది. వాడు రాడని తెలిసిపోయింది. కానీ నువ్వు రోజూ సాయంత్రం అంత గట్టిగా చదివేదానివి. ఇది దీన్ని పట్టుకునే బతుకుతోంది, నేను లేదంటే ఏమైపోద్దో అని ఊరుకున్నాను."

నేను మట్టిలో కూర్చుండిపోయాను. అమ్మ కోసమని నేను, నాకోసమని అమ్మ. మేమిద్దరం చెరోపక్కా పట్టుకున్నది ఆ అమ్మాయి ప్రాణాన్ని.

"మట్టలాదివారం నీ వంక చూసేను కదే," అంది అమ్మ. "ఒక్క మాట అంటావేమోనని చూసేను. వద్దమ్మా, పంపించేద్దాం అంటావేమోనని."

సమాధికి ఒకవైపు సున్నం వేయకుండానే లేచాం. సున్నపు చేతులతోనే అయ్యగారి ఇంటికి వెళ్ళాం. ఏ కాగితం మీదైనా సంతకం పెడతానంది అమ్మ. అయ్యగారు సంతోషించి అక్కడే ఫోను చేశారు. అటువైపు ఎక్కువసేపు మాట్లాడారు. ఈయన ఊ కొడుతూ ఉన్నారు. ఫోను పెట్టేసి మాకు మంచినీళ్ళు ఇప్పించారు.

"మట్టలాదివారం దాకా ఆగేరటండి. మీ జవాబు విన్నాక వాళ్ళ అక్కగారు తొందరపెట్టి, మంగళవారం నాడు వేరేచోట మాట ఇచ్చేసేరంట. రేపు వాళ్ళ చర్చిలో మొదటి పెళ్ళి ప్రకటన."

మా ఇంటి ముందు గుమ్మంలో అయ్యగారే ఆ సంగతి మరదలికి చెప్పారు. ఆమె విని, "సరేనండి, పర్లేదండి," అంది. ఆయన్ని లోపలికి రమ్మని, టీ పెట్టడానికి వెళ్ళింది.

మర్నాడు చీకటి విడుతుండగా కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్ళాం. క్రీస్తు లేచాడని పాడాం. ఆ ఆరాధనలో, తమవాళ్ళలో పోయినవాళ్ళ పేర్లు ఎవరైనా చెప్పదలిస్తే చెప్పవచ్చని అయ్యగారు అంటారు. ఒక్కొక్కరూ చెప్తున్నారు. అమ్మ సగం సున్నం వేసిన సమాధి మీద చెయ్యి ఆనించుకుని, ముందు నాన్న పేరు చెప్పింది. తర్వాత తమ్ముడి పేరు చెప్పింది. జనమంతా తిరిగి చూశారు. ఐదేళ్ళ క్రితం ఏడవవలసిన ఏడుపు అప్పుడు వచ్చింది ఆమెకి. పోయినవాళ్ళు మళ్ళీ లేస్తారన్న నమ్మకం ఉన్నవాళ్ళం మేము, ఆ రోజు దానికోసమే అక్కడికి వెళ్ళాం. కానీ లేవాలంటే ముందు పోయాడని ఒప్పుకోవాలి కదా. ఆ ఒప్పుకోలు మా ఇంట్లో జరగకుండా ఐదేళ్ళు నేనే అడ్డుకున్నాను.

సోమవారం నాకు బడి సెలవు. మధ్యాహ్నం మరదలు వసారాలో జాకెట్టుకి హుక్కులు కుడుతుంటే వెళ్ళి గడప మీద కూర్చుని అంతా చెప్పాను. బొటనవేలి కింద చీటీ దాచడం, కొంగులోకి జార్చిన రెండు చీటీలు, లెంటు నలభై రోజులు, శుక్రవారం ప్రసంగం. నన్ను తిట్టమన్నాను కూడా. ఆమె సూది గుచ్చుతూ, తీస్తూ విన్నది. తిట్టలేదు.

అయిపోయాక మిషను సొరుగు లాగింది. బాబిన్లు, సుద్దముక్కల అడుగు నుంచి ఒక చిన్న గొట్టం తీసింది. దారం ఊడిపోయింది గానీ చుట్ట అలాగే ఉంది.

"చదవండి వదినా," అంది.

నా చేతిరాతే. వెనకటివాటిని తలుచుకుంటూ ఉండిపోవద్దనీ, కొత్తదొకటి చేస్తున్నాననీ దేవుడు చెప్పే వాక్యం. చూడగానే గుర్తొచ్చింది. ఆ ఏడాది అయ్యగారి జాబితాలో పైనుంచి రెండోదో మూడోదో.

"ఇది కూడా మీరు పెట్టిందేనా అండి?"

"కాదమ్మా. ఇది లిస్టులోదే. ఎవరికొస్తుందో నాకు తెలీదు."

ఆమె చీటీ నా చేతిలోంచి తీసుకుని కాసేపు చూసింది.

"ఇది వచ్చినప్పుడు భయం వేసింది వదినా. అత్తయ్యకేమో ఆయన వస్తాడని వచ్చింది. నాకేమో ఇది. ఆయన వస్తుంటే నాకిలాంటిది వచ్చిందేంటి, నా మనసులో ఏదో తప్పుంది కాబోలు అనుకున్నాను. ఎవరికీ కనపడకూడదని ఇందులో దాచేను. కండక్టరుగారి సంగతి అయ్యగారు చెప్పిన రోజు తీసి మళ్ళీ చదువుకున్నాను. కానీ అత్తయ్య అది తెచ్చి చూపించేరు కదా. దానిముందు నాది చూపించడానికి నోరు రాలేదండి." చీటీ అంచు వేలితో నిమిరి అంది, "ఆ రోజు నీకేం వచ్చిందే అని ఒక్కరు అడిగుంటే చెప్పేద్దును."

చీటీని మళ్ళీ చుట్టి, సొరుగులో పెట్టి మూసింది. ఒడిలోని జాకెట్టు ఎత్తుకుని తర్వాతి హుక్కు కుట్టడం మొదలుపెట్టింది. అమ్మ లోపలినుంచి అన్నానికి పిలిచేదాకా నేను అక్కడే గడప మీద కూర్చున్నాను.